చీర మీద ఆరిన మొక్కజొన్న రొట్టె

ఈ ఎడారి ఊరు చాండ్లర్‌లో నవంబరు వచ్చిందంటే చలి వచ్చిందని కాదు, ఎండకి కాస్త బుద్ధి వచ్చిందని. ఇవాళ పొద్దున్న వంటింటి కిటికీ తెరిచి, అరలో వెనక్కి జరిగిపోయిన ఎండు సేజ్ ఆకు సీసా వెతికి తీశాను. నాలుగాకులు అరచేతిలో వేసి నలిపితే ముందు కర్పూరాన్ని తలపించే ఘాటు, దాని వెనకే ఎండుగడ్డి, ఆ తరవాత నెమ్మదిగా వానకి తడిసి ఆరిన చెక్క వాసన. ఈ ఆకు మన వంటల్లో దేన్లోనూ పడదు. కరివేపాకుకీ కొత్తిమీరకీ చుట్టమూ కాదు. అయినా చిన్నప్పటి ఇల్లు అనుకోగానే నా ముక్కుకి తగిలే వాసనల్లో ఇంగువ మొదటిదైతే, ఇది రెండోది.

నార్త్ కరొలినాలో క్యారీ అనే ఊళ్లో మా ఇల్లు. 2001 వేసవిలో తెనాలి నుంచి అక్కడికి వెళ్లేటప్పటికి నాకు పదమూడేళ్లు. ఆ వయసులో ఊరు మారిన పిల్లలకి రెండు ఊళ్లూ సగం సగం దక్కుతాయంటారు గానీ, నా లెక్కలో రెండూ పూర్తిగానే దక్కాయి. వసంతం వస్తే మా వీధిలోని పైన్ చెట్ల పుప్పొడి రాలి, కార్ల మీదా మెట్ల మీదా పసుపు చల్లినట్టు పరుచుకునేది, అమ్మ రోజూ గడప తుడిచి, మర్నాడు మళ్లీ తుడిచేది. వేసవి సాయంత్రాలు గాలి ఉడికించిన గుడ్డలా మొహానికి అంటుకుంటే, వీధి పిల్లలమంతా సైకిళ్లు పడేసి, గడ్డిలోంచి లేచే మిణుగురులని మూతకి చిల్లులు పొడిచిన సీసాల్లో పట్టి, అన్నానికి పిలిచేలోపు వదిలేసేవాళ్లం. ఆకులు రాలే కాలంలో ఎవరింటి ముందు కుప్ప పెద్దదైతే వాళ్లింటి ముందు చేరి, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి అందులో దూకేవాళ్లం, జడలో ఇరుక్కున్న ఎండాకుల పొడి రాత్రి దువ్వెనకి వచ్చేది. దసరాకి అమ్మ పుస్తకాల బీరువా ఖాళీ చేసి, దాని అరల మీద బొమ్మల కొలువు పెట్టేది. దీపావళికి మతాబులు లేవు, అగ్గిపుల్లంత కాకరపువ్వొత్తులు గ్యారేజీలో తలుపు సగం దించి కాల్చుకునేవాళ్లం. ఆ తరవాత మూడు నాలుగు వారాలకి పక్కింటి పండగ వచ్చేది.

పక్కింట్లో రూబీ గారు ఉండేది. వీధి పిల్లలందరికీ మిస్ రూబీ. పోస్టాఫీసులో పని చేసి రిటైరైన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒళ్లు బరువు, అడుగు నెమ్మది, నవ్వు మాత్రం రెండిళ్ల అవతలికి వినపడేది. మేం వెళ్లిన కొత్తలో, గడ్డి కోసే మనిషి ఫోన్ నంబరు ఇవ్వడానికి మా పెరటి తలుపు దగ్గరికొచ్చి, లోపల స్టవ్ మీద అమ్మ కాలుస్తున్న దిబ్బరొట్టె చూసి, నంబరు సంగతి మరిచిపోయింది. ఇనప మూకుడులో నూనె పొగలొచ్చేదాకా కాచి, పిండి ఒక్కసారిగా దిమ్మరిస్తే చుయ్ మని లేచే చప్పుడు ఆవిడకి తెలిసిన చప్పుడట. మర్నాడు తన ఇనప పెనం, ఒక సంచీ తెల్ల మొక్కజొన్న పిండీ, పుల్లటి మజ్జిగా పట్టుకుని వచ్చింది. మజ్జిగలో పిండీ గుడ్డూ కలిపి, కాగిన వెన్నలో పోసి, ఆ పెనం అలాగే ఓవెన్‌లో పెట్టేసింది. అరగంటలోపే అంచులు ఎర్రగా కరకరలాడుతూ, లోపల ఇసకలా పలుకులు పలుకులుగా విడిపోయే మొక్కజొన్న రొట్టె తయారైంది. అమ్మ ఒక ముక్క తుంచి అంచు కొరికి, “ఇది మన దిబ్బరొట్టెకి పెత్తండ్రి కూతురు” అంది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి స్నేహం ఇనుముకీ ఇనుముకీ కుదిరిన స్నేహం. మా దసరా కొలువుకి రూబీ గారు ఒక పింగాణీ కోడిపుంజు తెచ్చిస్తే, అమ్మ దాన్ని దశావతారాల పక్కనే నిలబెట్టింది.

థాంక్స్‌గివింగ్ అనే ఆ నవంబరు పండక్కి రూబీ గారింట్లో ముఖ్యమైన వంటకం టర్కీ కోడి కాదు, కార్న్‌బ్రెడ్ డ్రెస్సింగ్. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మొక్కజొన్న రొట్టెలు కాల్చి, పొడిపొడిగా చిదిమి, మూత లేకుండా రెండు రోజులు ఆరబెట్టాలి. మూడొంతులు ఈ రొట్టెకి ఒక వంతు మామూలు బ్రెడ్. ఉల్లిపాయా, సెలరీ కాడలూ సమానంగా తరిగి వెన్నలో మగ్గించాలి. మిరియాల పొడీ, నలిపిన సేజ్ ఆకూ వేసి, ఎముకలతో మరగబెట్టిన కోడి పులుసు పోసి కలిపి, గిలక్కొట్టిన గుడ్లు చేర్చి, వెడల్పాటి గిన్నెల్లో పరిచి, పైన ఎర్రబడేదాకా ఓవెన్‌లో పెట్టాలి. పైన పెచ్చు కరకరలాడుతుంది, లోపల చెంచాకి మెత్తగా వస్తుంది. సేజ్ ఎంత వెయ్యాలని నేనడిగితే రూబీ గారు, “వాసన నవంబరులా వచ్చేదాకా” అంది. ఆ తరవాత్తరవాత నేను అన్నిటినీ తూచి, కొలిచి, ఎంతమందికి ఎంతో తేల్చుకున్నాను, ఇప్పుడు వందమందికైనా కాగితం లేకుండా చెప్పగలను. పులుసు కొలత మాత్రం ఏ ఏటికా ఏడే. రొట్టె ఎంత ఆరిందన్నది ఆ పూట గాలి చేతిలో ఉంటుంది.

ఆ పండగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. మా ఇంట్లో గురువారాలు నీచు తినరు. “వీళ్లకి పండగ చేసుకోడానికి గురువారమే దొరికిందా!” అని అమ్మ మొదటి ఏడే నవ్వింది. అందుకని రూబీ గారు మా వాటా గిన్నె పక్కన పెట్టి పంపేది, మేం శుక్రవారం పొద్దున్న దాన్ని అట్ల పెనం మీద నేతితో రెండు వైపులా కాల్చుకుని, ఆవకాయ నంజుకుని తినేవాళ్లం. అట్లా తినాలని ఎవరూ చెప్పలేదు, అదే కుదిరింది.

నేను చెప్పబోయేది మా రెండో ఏటి సంగతి.

ఆ అక్టోబరు ఆఖర్లో రూబీ గారు తడి ఆకుల మీద జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మోచేతి దాకా కట్టు. మేం చూడ్డానికి వెళ్తే చెయ్యి గురించి కాక డ్రెస్సింగ్ గురించి బెంగపడుతోంది. వాళ్ల కుటుంబంలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసుకున్నది కాదు, ఎవరూ దాటిందీ లేదు. డ్రెస్సింగ్ ఎవరు చేస్తే పండగ వాళ్లింట్లో. వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ అందరూ వాళ్లమ్మ ఇంటికి వచ్చారు, ఆవిడ చేతి వంట రూబీ గారికి వచ్చాక రూబీ గారింటికి వస్తున్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, కార్లు మా ఇంటి ముందు దాకా ఆగేవి. ఏడాదికి ఒక్కరోజు ఆ ఇంట్లో గదులన్నిటికీ దీపాలు వెలిగేవి.

“ఈ ఏడు నేను చేస్తానని గ్లోరియా ఫోన్ చేసింది” అంది రూబీ గారు. గ్లోరియా ఆవిడ తమ్ముడు జేమ్స్ భార్య. “చెయ్యి బాగా లేదు కదా వదినా, అందర్నీ మా ఇంటికే రమ్మంటానంది. ఎంత తీయగా అడిగిందో! ఒకసారి అటు వెళ్లిన పండగ మళ్లీ ఈ గడప ఎక్కుతుందా, విమ్లా? ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలిపోతాను.”

అమ్మ పేరు విమల. అమ్మ ఏమీ ఆలోచించకుండా, “నోరు మీది, చేతులు నావి. మీరు చెప్పండి, నేను చేస్తాను” అంది.

రూబీ గారు కాసేపు అమ్మ చేతుల వంక చూసింది. “చక్కెర వెయ్యవు కదా?”

“రొట్టెలో చక్కెరేంటండీ!”

“గ్లోరియా వేస్తుంది” అని, వెంటనే ఫోన్ తీసి మరదలికి చెప్పేసింది, డ్రెస్సింగ్ పని మొదలైపోయింది, అందరూ ఎప్పటిలాగే ఇక్కడికే రండి అని. గ్లోరియా, “సరే వదినా, గురువారం నాటికి కాకపోతే చెప్పు, నా దగ్గర సిద్ధంగా ఉంటుంది” అందట.

అప్పుడు మా ఇంట్లో అమ్మమ్మ ఉంది. సెప్టెంబరులో తెనాలి నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పెరటి వైపు చెక్క అరుగులాంటి డెక్ మీద నిలబడి, పైన్ చెట్ల మధ్య నుంచి సూర్యుణ్ని వెతుక్కునేది. “మీ ఊళ్లో కాకులు కూడా పద్ధతిగా అరుస్తయ్యే” అనేది. అన్నం ముద్ద రోజూ రెయిలింగు మీద పెట్టేది, దానికి కాకులకంటే ముందు ఉడతలొచ్చేవి.

పండగ వారం సోమవారం నాడు అమ్మా నేనూ రొట్టెలు కాల్చాం. రూబీ గారి పెనం, మా మూకుడు, రెండూ ఒకేసారి ఓవెన్‌లో పట్టేవి. చిదిమి వెడల్పాటి ట్రేల్లో పరిచి వంటింటి గట్టు మీద వదిలేశాం. ఇల్లంతా వేయించిన పేలాల వాసన. రూబీ గారు వచ్చి వేలితో నొక్కి చూసి, “ఇక దీని జోలికెవరూ పోకండి” అని ఇంగ్లీషులో చెప్పి వెళ్లింది. పక్కనే ఉన్న అమ్మమ్మకి ఆ మాట ఎవరూ తెలుగులో చెప్పలేదు.

బుధవారం పొద్దున్న బడి లేదు. అమ్మా నేనూ సెలరీ కొనడానికి కొట్టుకి వెళ్లి వచ్చేసరికి ఇల్లు నిగనిగలాడుతోంది. గట్టు కడిగి ఉంది, ట్రేలు తోమి బోర్లించి ఉన్నాయి. అమ్మమ్మ డెక్ మీద కుర్చీ వేసుకుని పెరట్లోకి తృప్తిగా చూస్తోంది. పెరటి నిండా పిట్టలు. నీలం రెక్కలవి, ఎర్ర కుచ్చువి, గడ్డి రంగువి, అంతవరకూ మా పెరట్లో నేనెన్నడూ చూడనివి కూడా. ఉడతలు రెండు కాళ్ల మీద నిలబడి రెండు చేతులా తింటున్నాయి.

“ట్రేల్లో రొట్టె ఏమైందమ్మా?” అంది అమ్మ.

“ఆ పాచి రొట్టేనా? పిట్టలకి పెట్టా. మూతన్నా లేకుండా రెండ్రోజుల్నించీ వదిలేశావేందే? పెంకుల్లాగా గట్టిపడిపోయింది. చూసినోళ్లు విమలకి వాళ్లమ్మ ఏమీ నేర్పలేదనుకోరూ?”

“అది రేపు రూబీ గారింట్లో చుట్టాలకి వండాల్సింది!”

“పాచిదా? పండగపూటా?” అమ్మమ్మ నిజంగా తెల్లబోయింది. “మనం తింటాం చద్దన్నం, కాదన్నానా. గడప తొక్కినోళ్లకి పెడతామంటే ఎట్టాగే?”

అమ్మ గడ్డిలోకి దిగి చూసింది గానీ ఏరుకోడానికి ఏమీ లేదు. చెప్పులు కూడా మార్చుకోకుండా నేరుగా పక్కింటికి నడిచింది. వెనక నేను, నా వెనక, ఏదో జరగరానిది జరిగిందని అర్థమై, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని అమ్మమ్మ. రూబీ గారు ఒంటిచేత్తో బల్ల తుడుచుకుంటోంది. అమ్మ చెప్పింది. రూబీ గారు తుడిచే గుడ్డ వదిలేసి కూర్చుంది.

“మొత్తమా?”

“మొత్తం.”

రూబీ గారు కిటికీలోంచి ఖాళీ వాకిలి వైపు చూస్తోంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోప్పడి ఉంటే బాగుండేది.

అమ్మమ్మ నా మోచెయ్యి గిల్లి, “ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటదేందే? రొట్టేగా, మళ్లీ కాల్చుకుంటే పోదూ?” అంది. నేను చెప్పాను. తాజా రొట్టె పులుసులో సంగటి ముద్దైపోతుందనీ, ఆరితేనే పలుకు నిలుస్తుందనీ, డ్రెస్సింగ్ లేకపోతే మరదలు తనది తెస్తుందనీ, వచ్చే ఏటి నుంచి అందరూ మరదలింటికే పోతారనీ.

“ఓహో” అంది అమ్మమ్మ. మొహంలో రంగు తిరిగి వచ్చింది. “ఆడపడుచుకీ మరదలికీ మధ్యనా! ఆ మాట ముందు చెప్పొద్దుటే! ఒసే విమలా, పిండుందా?”

“ఉందమ్మా, ఆరేందుకు టైము లేదు. ఓవెన్‌లో ఆరబెడదామంటే రొట్టెలకే చాలదు, రూబీ గారి ఓవెన్ నిండా చిలగడదుంప పైలున్నాయి.”

“ఓవెనెందుకు? ఎండ లేదూ?” అంది అమ్మమ్మ. “రవ్వ వేయించకుండా ఉప్మా చేస్తే ముద్దైనట్టేగా? తెలిసింది. ఊళ్లో సగంమందికి వడియాలు పెట్టినదాన్ని, ఎండబెట్టడం నాకు చెప్పాలా?”

నేను ఇంగ్లీషులో చెప్పేదాకా రూబీ గారు ఆగలేదు. అమ్మమ్మ చెయ్యి పైకెత్తి ఆకాశాన్ని చూపించడం, వేళ్లతో చిదుముతున్నట్టు ఆడించడం చూసి, ఎడం చేత్తో బల్ల పట్టుకుని లేచింది.

ఆ మధ్యాహ్నం నాకు చాలా నిదానంగా గుర్తుంది. నవంబరు చివర ఎండ క్యారీలో పలచగా, తేనె రంగులో ఉండి, తడి లేకుండా కాస్తుంది, గాలి కూడా పొడిగా వీచింది. అమ్మ ఒక్కో వాయా తీసి ఇస్తుంటే నేను వేళ్లు కాలుతున్నా చిదిమేదాన్ని. అమ్మమ్మ పెట్టెలోంచి ఉతికి మడతపెట్టిన లేత పసుపు నూలుచీర తీసి డెక్ మీద పరిచి, నాలుగు మూలలా పూలకుండీలు పెట్టి, రొట్టె పొడి మీద అరచెయ్యి ఆనించి వలయాలు తిప్పుతూ పలచగా సర్దింది. పైన్ చెట్ల నీడ జరిగినప్పుడల్లా చీర జరిగింది. చివరికి డెక్ మీద ఎండ నిలవకపోతే వాకిట్లో నాన్న నల్ల కారు బానెట్ మీదికి మారింది. అప్పుడే కారు తాళాలు తిప్పుకుంటూ నాన్న బయటికి వచ్చాడు.

“అల్లుడుగారూ, ఆ బండి ఇవాళ కదల్దు” అంది అమ్మమ్మ.

“పెట్రోల్ కొట్టించుకొస్తానండీ, అయిదు నిమిషాలు.”

“నడిచెళ్లి తెచ్చుకోండి.”

నాన్న కారు బానెట్ వంకా అత్తగారి వంకా చూసి, తాళాలు జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఉడతలు పొద్దుటి విందు మరిచిపోలేదు. రూబీ గారు కుర్చీలో కూర్చుని, కట్టున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తో చీపురు పట్టుకుంది. పక్కన అమ్మమ్మ కొమ్మ విరిచి పట్టుకుంది. ఇద్దరూ కాపలా. మొదట్లో నేను మధ్యలో కూర్చుని ఇటుది అటూ అటుది ఇటూ చెప్పేదాన్ని.

“మీ అమ్మమ్మ ఏమంటోంది, హనీ?”

“తన మరదలు ఆవకాయలో వెల్లుల్లి వెయ్యదట.”

“దేవుడా!” అంది రూబీ గారు, ఆవకాయలో ఏం పడుతుందో తెలియకపోయినా నిజంగానే బాధపడుతూ. “గ్లోరియా రొట్టెలో చక్కెర వేస్తుందని చెప్పు.”

చెప్పాను. అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. “పప్పులో పంచదారేసినట్టు! ఖర్మ. తమ్ముడేమీ అనడా?”

“వాడా? వాడు ఏం పెడితే అది తింటాడు” అంది రూబీ గారు, నేను ఇంకా చెప్పకుండానే. అమ్మమ్మ కూడా అర్థమైనట్టు తలూపింది. కాసేపటికి నా అవసరం లేకపోయింది. ఈవిడ తెలుగులో అంటే ఆవిడ ఇంగ్లీషులో నవ్వేది, ఉడత దిగినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే మాట అన్నారు, “హుష్!” పొద్దు గూకేసరికి పలుకులు వేళ్ల మధ్య గలగలలాడాయి. రూబీ గారు గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపి, చీర కొంగుని ఎడం చేత్తో తడిమి, లోపల ఫ్యాను కింద ఉంచమని చెప్పి వెళ్లింది.

గురువారం పొద్దున్న మా వంటింట్లో ఉల్లిపాయా సెలరీ వెన్నలో మగ్గుతుంటే అమ్మ చేత్తో కలుపుతూ పోయింది, రూబీ గారు పక్కన నిలబడి పులుసు పొయ్యమంటూ ఆపమంటూ పోయింది. అమ్మ రుచి చూడదు, గురువారం. గుడ్లు కలిపే ముందు రూబీ గారే చెంచా కొసతో చూసి, కళ్లు మూసుకుని, “ఉప్పు కొంచెం” అంది. మూడు వెడల్పాటి గిన్నెలు. అవి కాలి ఎర్రబడుతుంటే ఆ వాసన వీధి మలుపు దాకా వెళ్లిందని ముందుగా కారు దిగిన వాళ్లెవరో అన్నారు. రెండిళ్ల మధ్య గడ్డి మీదుగా అమ్మా నేనూ నాన్నా తలో గిన్నె పట్టుకుని, పాతగుడ్డల్లోంచి వేడి తగులుతుంటే, ఊరేగింపులా నడిచాం. వెనక అమ్మమ్మ పులిహోర పళ్లెంతో.

గ్లోరియా వచ్చింది. ఎర్ర గౌను, మంచి టోపీ, చేతిలో వెండి కాగితం కప్పిన గిన్నె. “ఎందుకైనా మంచిదని తెచ్చాను, వదినా” అంటూ దాన్ని మా గిన్నెల పక్కనే పెట్టింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ప్రార్థన అయ్యాక అందరూ వరసలో నిలబడ్డారు. గ్లోరియా మా గిన్నె ముందు ఆగి, పెచ్చున్న మూల నుంచి ఒక చెంచా వేసుకుని, నిలబడే నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకొంచెం వేసుకుంది.

“ఇది ఎవరి చెయ్యి?”

“మా అమ్మది” అంది రూబీ గారు. “ఈ ఏడు విమ్లా వేళ్లతో.”

“పలుకు ఇంత బాగా ఎప్పుడూ నిలవలేదు. అత్తగారున్నప్పుడు ఇలా ఉండేది. ఏం చేశారు?”

“చీర మీద ఎండబెట్టాం.”

“దేని మీద?”

రూబీ గారు అమ్మమ్మని చూపించింది. అమ్మమ్మ పండగ చీర కొంగు కొంచెం ముందుకు లాక్కుని, గ్లోరియాని పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది. తరవాత నా చెవిలో, “మనిషి బానే ఉంది. చక్కెర ఒక్కటే మానమను” అంది. అది నేను ఇంగ్లీషులో చెప్పలేదు. రూబీ గారు అందరూ చూస్తుండగా గ్లోరియా గిన్నెలోంచి నిండా ఒక చెంచా వడ్డించుకుని తిని, “కేకు చాలా బాగుంది, గ్లోరియా” అంది. గ్లోరియా మూతి ముడుచుకుంది, ఆ పైన తనే ముందు పకపకా నవ్వింది. అప్పటికి అమ్మ నా చెయ్యి వదిలింది.

పండగ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మమ్మ వెళ్లేటప్పుడు ఆ పసుపు చీర రూబీ గారికే ఇచ్చేసింది. ఏటా బుధవారం అది డెక్ మీద పరుచుకునేది, నాన్న ముందురోజే పెట్రోల్ కొట్టించుకునేవాడు. నేను హైస్కూల్ అయి, కాలేజీకి వెళ్లి, సెలవులకి వచ్చినా పులుసు గరిటె నాదే. రూబీ గారి మణికట్టు అతికింది గానీ బరువు మొయ్యలేకపోయేది, చేతులు అమ్మవే అయ్యాయి. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లై, వాళ్ల పిల్లలు మా ఆకుల కుప్పల్లో దూకారు.

2013 వేసవిలో రూబీ గారు నిద్రలోనే వెళ్లిపోయింది. ఇల్లు అమ్మేశారు. ఆ నవంబరులో అమ్మకి గ్లోరియా ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే ఉన్నాను. పరామర్శలన్నీ అయ్యాక గొంతు సవరించుకుని అడిగింది, “విమ్లా, మీ ఇంట్లో ఎంతమందిమి పడతాం?”

అమ్మకి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమై, లెక్క వెయ్యమని నా వైపు చూసింది. నేను వేసి చెప్పాను. ఆ ఏడూ, మరో రెండేళ్లూ, వాళ్లంతా పక్కిల్లు దాటి మా గడప ఎక్కారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుని, స్టీలు కంచాల్లో తిన్నారు. ఒక ఏడు గ్లోరియా తానే చీపురు పట్టుకుని ఉడతల్ని తోలింది.

ఇప్పుడు వాటిలో ఏదీ లేదు. అమ్మమ్మ లేదు, గ్లోరియా లేదు, జేమ్స్ వేరే రాష్ట్రంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. అమ్మా నాన్నా క్యారీ ఇల్లు అమ్మి నా దగ్గరికి వచ్చేశారు. ఆ వీధిలో డెక్‌లు తీసేసి రాతి వరండాలు కట్టారని ఎవరో ఫొటో పంపారు, పైన్ చెట్లు కూడా సగం కొట్టేశారు. ఆ చీర ఎవరింటికి చేరిందో నాకు తెలీదు. ఇక్కడ ఎడారి గాలికి పళ్లెంలో వదిలేసినా రొట్టె పూటలో ఆరిపోతుంది, కాపలా ఉండాల్సిన పని లేదు, కాపలా కాస్తూ చెప్పుకునే కబుర్లూ లేవు.

పోయినేడు పక్క ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు నలుగురు సెలవుకి ఎక్కడికీ వెళ్లలేక మా ఇంటికొచ్చారు. పండక్కి వాళ్ల రూమ్మేట్లంతా ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారట. ఖమ్మం నుంచి వచ్చిన హారిక అనే అమ్మాయి కంచంలో రెండోసారి డ్రెస్సింగ్ వేసుకుంటూ, “ఆంటీ, ఇది ఏ ఊరి వంట? మా దిక్కు చెయ్యరు” అంది.

“మా ఊరిది.”

“మీది తెనాలి అన్నరు కదా ఆంటీ?”

“తెనాలీ మా ఊరే. ఇది ఇంకో ఊరిది” అన్నాను. అమ్మ నా వైపు చూసి నవ్వుకుంది.

హారిక ఎక్కువ అడగలేదు, తింటోంది. తిని, కంచం సింకులో పెట్టి, చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగింది. “నెక్స్ట్ ఇయర్ గూడ ఇక్కడికే వస్తం ఆంటీ. ఇంకెక్కడికీ పోం. ఇంకో ముగ్గుర్ని తీస్కొస్తే ఫర్వాలేదా?”

ఫర్వాలేదన్నాను. అందుకే ఇవాళ పిండి కొంచెం ఎక్కువ కలుపుతున్నాను.